డీఎన్‌ఏను చదవలేని ప్రొటీన్ల చేతిలో జన్యువుల పగ్గాలు

ఒక జన్యువును పనిచేయించే ప్రొటీన్ కణంలో ఎంత ఎక్కువ ఉంటే ఆ జన్యువు అంత చురుగ్గా పనిచేయాలి. ఎవరైనా అలాగే అనుకుంటారు. 1988లో హార్వర్డ్‌లో గ్రేస్ గిల్, మార్క్ టాష్నీ ఈస్ట్ కణాలతో చేసిన ప్రయోగంలో ఈ లెక్క తలకిందులైంది. గెలాక్టోజ్ అనే చక్కెరను వాడుకునే జన్యువులను మేల్కొల్పడం గాల్4 అనే ప్రొటీన్ పని. దాన్ని ఈస్ట్ కణంలో మోతాదుకు మించి తయారయ్యేలా చేశారు. తీరా చూస్తే, గాల్4తో ఏ సంబంధమూ లేని జన్యువులు కొన్ని మందగించిపోయాయి. ఆ జన్యువుల దగ్గర గాల్4 అతుక్కునే చోటే లేదు. పోనీ గాల్4లో డీఎన్‌ఏను పట్టుకునే భాగాన్ని తీసేస్తే? అయినా అదే ఫలితం. జన్యువును ఉత్తేజపరిచే భాగం ఎంత బలమైనదైతే ఇతర జన్యువులకు అంత నష్టం.

డీఎన్‌ఏ జోలికి పోకుండానే ఒక ప్రొటీన్ ఎక్కడో ఉన్న జన్యువును అణచగలిగిందంటే, ఆ రెండింటికీ ఉమ్మడిగా కావలసినదేదో కణంలో ఉండి ఉండాలి. అది కొద్దిగానే ఉండి ఉండాలి. గాల్4 గుంపుగా వచ్చి దాన్నంతా లాగేసుకుంటే మిగతా జన్యువులకు మిగలదు. ఈ ప్రభావానికి స్క్వెల్చింగ్ అని పేరు పెట్టారు. ఆ ఉమ్మడి వస్తువు ఏమిటన్నది అప్పటికి ఎవరికీ తెలియదు. తర్వాతి పదేళ్లలో బయటపడ్డ ఆ ప్రొటీన్లే సహ ఉత్తేజకాలు, అంటే కోయాక్టివేటర్లు. వాటి గురించి అసలు తెలుసుకోవలసిన సంగతి ఆ మొదటి ప్రయోగంలోనే ఉంది: అవి పరిమితంగా ఉంటాయి, అందరికీ కావాలి.

చిరునామా ఒకరిది, పని మరొకరిది

మనిషి కణంలో డీఎన్‌ఏను సాగదీస్తే దాదాపు 2 మీటర్లు. అది కేంద్రకంలో ఇమడాలంటే చుట్టుకోక తప్పదు. 147 అక్షర జతల పొడవున్న డీఎన్‌ఏ ముక్క ఎనిమిది హిస్టోన్ ప్రొటీన్ల ముద్ద చుట్టూ రెండు చుట్లకు కాస్త తక్కువగా తిరుగుతుంది. ఈ ఉండను న్యూక్లియోజోమ్ అంటారు. ఇలాంటి ఉండల వరుసలో ప్రొటీన్లకు సంబంధించిన జన్యువులు సుమారు 20,000 ఉన్నాయి. వాటిని చదివి ఆర్‌ఎన్‌ఏ ప్రతిని తీసే యంత్రం ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2. ఈ ప్రతి తీసే ప్రక్రియే అనులేఖనం. కాలేయ కణం, మెదడు కణం, చర్మ కణం దాదాపు ఒకే డీఎన్‌ఏతో పుట్టి ఇంత వేరుగా బతకడానికి కారణం, ఏ కణంలో ఏ జన్యువు ఎంత మేరకు చదవబడుతుందన్న తేడాయే.

ఏ జన్యువు దగ్గరికి వెళ్లాలో పాలిమరేజ్‌కు తనంతట తెలియదు. ఆ పని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లది. మనిషిలో ఇవి దాదాపు 1,600 రకాలు. ఒక్కొక్కటీ డీఎన్‌ఏలో కొద్దిపాటి అక్షరాల వరుసను గుర్తుపట్టి అక్కడ అతుక్కుంటుంది. అంటే చిరునామా చదవగలిగేవి ఇవి. చదివాక ఏం చేస్తాయన్నదే చాలాకాలం తేలని చిక్కు. 1985లో రోజర్ బ్రెంట్, టాష్నీ కలిసి లెక్స్‌ఏ అనే బ్యాక్టీరియా ప్రొటీన్‌కు గాల్4లోని ఉత్తేజక భాగాన్ని అతికించి ఈస్ట్‌లో పెట్టారు. లెక్స్‌ఏ గుర్తుపట్టే వరుస ఉన్న జన్యువు మేల్కొంది. చిరునామా చదివే భాగం, మేల్కొలిపే భాగం రెండూ విడివిడి ముక్కలని, ఒకదాన్ని తీసి ఇంకోదానికి తగిలించవచ్చని తేలింది.

ఆ మేల్కొలిపే భాగాన్ని దగ్గరగా చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. చాలా వాటిలో దానికి స్థిరమైన ఆకారమే ఉండదు. ఎంజైమ్‌లా ఏ రసాయన చర్యా జరపదు. వదులుగా వేలాడే అమైనో ఆమ్లాల గొలుసు అది. అది చేసే పనల్లా పిలవడం. పిలిస్తే వచ్చేవి సహ ఉత్తేజకాలు. వాటికి డీఎన్‌ఏ వరుసను గుర్తుపట్టే శక్తి ఉండదు. ఇంకో ప్రొటీన్ చేయి పట్టుకుంటే తప్ప అవి జన్యువు దగ్గరికి చేరలేవు. చేరాక మాత్రం అసలు పని వాటిదే.

బతికి బయటపడ్డ ఈస్ట్ కణాలు

ఆ పని ఏమిటో బయటపడిన తీరు జీవశాస్త్రంలో అందమైన కథల్లో ఒకటి. హెర్పిస్ వైరస్‌లో వీపీ16 అనే ప్రొటీన్ ఉంది. దాని ఉత్తేజక భాగం చాలా బలమైనది. దాన్ని గాల్4కు అతికించి ఈస్ట్‌లో ఎక్కువగా తయారుచేయిస్తే కణాలు పెరగలేకపోతాయి. స్క్వెల్చింగ్ ముదిరి విషంలా పనిచేస్తుందన్నమాట. ఎంఐటీలో లెనార్డ్ గ్వరెంటే బృందం ఈ విషాన్నే వలగా వాడుకుంది. వీపీ16 పట్టుకునే ఉమ్మడి ప్రొటీన్ ఏదో ఉంటే, మ్యుటేషన్ వల్ల ఆ ప్రొటీన్ చెడిన కణంలో వీపీ16కు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అలాంటి కణం బతుకుతుంది. కాబట్టి బతికిన కణాల్లో ఏం చెడిందో వెతికితే చాలు. అలా షెల్లీ బర్గర్, సహచరులు 1992లో ఆడా2 అనే జన్యువును పట్టారు. తర్వాత అదే వలలో చిక్కిన వాటిలో జీసీఎన్5 ఒకటి. అది ఉత్తేజకానికీ పాలిమరేజ్‌కూ మధ్య అతుకులాంటి ప్రొటీన్ అని అనుకున్నారు.

ఈలోగా మరో దారిలో డేవిడ్ ఆలిస్ అనే శాస్త్రవేత్త టెట్రాహైమెనా అనే ఏకకణ జీవిని పట్టుకుని కూర్చున్నాడు. దాని కణంలో రెండు కేంద్రకాలుంటాయి. పెద్దదానిలో జన్యువులు జోరుగా పనిచేస్తాయి, అక్కడి హిస్టోన్ల మీద ఎసిటైల్ అనే చిన్న రసాయన సమూహాలు దండిగా ఉంటాయి. చిన్నది నిద్రపోతూ ఉంటుంది, దాని హిస్టోన్ల మీద అవి కనబడవు. చురుకుదనానికీ ఎసిటైల్‌కూ ముడి ఉందని విన్సెంట్ ఆల్‌ఫ్రీ 1964లోనే అన్నాడు గానీ, ఎసిటైల్ అంటించే ఎంజైమ్ ఏదో దొరక్కపోవడంతో ఆ మాట మూడు దశాబ్దాలు గాలిలోనే ఉండిపోయింది. ఆలిస్ బృందం పెద్ద కేంద్రకాల నుంచి ఆ ఎంజైమ్‌ను శుద్ధి చేసి 1996లో దాని వరుస చదివింది. అది ఈస్ట్‌లోని జీసీఎన్5కు దగ్గరి చుట్టం!

ఇక్కడ రెండు దారులు కలిశాయి. అతుకు అనుకున్న సహ ఉత్తేజకం నిజానికి ఎంజైమ్. హిస్టోన్ల తోకల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. దానికున్న ధనావేశం, డీఎన్‌ఏకున్న ఋణావేశం ఒకదాన్నొకటి లాక్కుంటాయి. లైసిన్ మీద ఎసిటైల్ అంటిస్తే ఆ ధనావేశం పోతుంది, పట్టు సడలుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఎసిటైల్ అంటిన లైసిన్‌ను గుర్తుపట్టే బ్రోమోడొమైన్ అనే మడత ఉన్న ప్రొటీన్లు అక్కడికి చేరతాయి. ఆవేశం తగ్గడం కంటే ఈ గుర్తు వేయడమే చాలా చోట్ల పెద్ద ప్రభావం చూపుతుందని చెప్పాలి. అదే 1996లో పీ300, సీబీపీ అనే రెండు పెద్ద ప్రొటీన్లకు కూడా ఇదే ఎంజైమ్ శక్తి ఉందని తేలింది. పీ300లో 2,414 అమైనో ఆమ్లాలు, సీబీపీలో 2,442. రెండూ అక్కచెల్లెళ్ల వంటివి.

పీ300 దొరికిన దారి కూడా చెప్పుకోదగ్గదే. అడినోవైరస్ కణంలో చొరబడగానే ఈ1ఏ అనే ప్రొటీన్‌తో కణంలోని కొన్ని ప్రొటీన్లను గట్టిగా పట్టుకుంటుంది. అలా పట్టుబడ్డ వాటిలో ఒకటి పీ300. కణానికి ఆయువుపట్టు ఎక్కడుందో వైరస్‌లకు ముందే తెలిసినట్టు ఉంటుంది. అవి ఎక్కడ పట్టుకున్నాయో చూసి శాస్త్రవేత్తలు నేర్చుకున్నది చాలా ఉంది.

మధ్యవర్తి

హిస్టోన్లు లేని, నగ్నమైన డీఎన్‌ఏతో పరీక్ష నాళికలో చేసిన పని ఇంకో చిక్కును విప్పింది. రోజర్ కార్న్‌బర్గ్ ప్రయోగశాలలో శుద్ధి చేసిన పాలిమరేజ్, దానికి తప్పనిసరి ప్రొటీన్లు కలిపితే అనులేఖనం మందంగా నడిచేది. ఉత్తేజకాన్ని చేర్చినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఈస్ట్ కణాల సారంలో నుంచి తీసిన ఒక భాగాన్ని పోస్తే మాత్రం ఉత్తేజకం మాట చెల్లేది. స్క్వెల్చింగ్‌ను కూడా అదే పోగొట్టేది. 1990లో దానికి మీడియేటర్ అని పేరు పెట్టారు. ఈస్ట్‌లో 25 ప్రొటీన్లు, మనిషిలో 30 వరకు కలిసిన భారీ సముదాయం అది. ఒక పక్క ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లను, ఇంకో పక్క పాలిమరేజ్‌ను పట్టుకుంటుంది. జన్యువును నియంత్రించే ఎన్‌హాన్సర్ వరుసలు ఒక్కోసారి ఆ జన్యువుకు లక్షల అక్షరాల దూరంలో ఉంటాయి. కాళ్లూ చేతులూ ఎదగడంలో సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువును నడిపే వరుస దానికి దాదాపు 10 లక్షల అక్షరాల అవతల ఉంది. అంత దూరపు మాటను జన్యువు మొదటి అక్షరం దాకా చేర్చడంలో మీడియేటర్‌దే ప్రధాన పాత్ర. దాని ఒక్కో అంగానికీ ఒక్కో రకం ఫ్యాక్టర్‌తో పొత్తు. ఒక్క అంగంలో చిన్న తేడా వచ్చినా ఫలితం కనబడుతుంది: గర్భాశయంలో పెరిగే ఫైబ్రాయిడ్ గడ్డల్లో సుమారు 70 శాతం వాటిలో మెడ్12 అనే అంగంలో మ్యుటేషన్లు ఉన్నాయని 2011లో వెల్లడైంది.

న్యూక్లియోజోమ్‌లను పక్కకు జరిపే స్విస్నిఫ్ వంటి సముదాయాలూ ఈ కోవలోవే. కణానికి ఇంధనమైన ఏటీపీ శక్తిని ఖర్చుచేసి ఉండలను జరిపి డీఎన్‌ఏను బయటపెడతాయి. వీటి అంగాల్లో మ్యుటేషన్లు మనుషుల క్యాన్సర్లలో సుమారు ఐదింట ఒకదానిలో కనిపిస్తాయి.

12వ సుడి ఎటు వాలితే అటు

సహ ఉత్తేజకాన్ని పిలవడం, పిలవకపోవడం ఎంత చిన్న కదలికతో తేలిపోతుందో ఈస్ట్రోజెన్ గ్రాహకంలో, అంటే ఆ హార్మోన్‌ను పట్టుకునే ప్రొటీన్‌లో స్పష్టంగా చూడవచ్చు. స్టెరాయిడ్ హార్మోన్లకు, విటమిన్ ఏ, డీ ఉత్పన్నాలకు స్పందించే గ్రాహకాల కుటుంబంలో మనిషికి 48 ప్రొటీన్లున్నాయి. హార్మోన్ వచ్చి గ్రాహకం మధ్యలో ఉన్న గుంటలో కూర్చుంటుంది. ఆ గుంటకు మూతలా ఉండే సుడి తిరిగిన ముక్క ఒకటుంది, వరుసలో పన్నెండవది. ఈస్ట్రోజెన్ కూర్చోగానే ఆ 12వ సుడి గుంట మీదికి సరిగ్గా మూసుకుంటుంది. దాంతో గ్రాహకం ఉపరితలం మీద సన్నని గాడి ఒకటి తయారవుతుంది. ఆ గాడిలో పట్టేది ఒక చిన్న వరుస: లూసిన్, ఏవైనా రెండు అమైనో ఆమ్లాలు, మళ్లీ లూసిన్, లూసిన్. ఈ ఐదు అమైనో ఆమ్లాల వరుస సహ ఉత్తేజకాల్లో పదేపదే కనిపిస్తుందని 1997లో గుర్తించారు. దీన్ని మొదట దొరికిన స్టెరాయిడ్ గ్రాహక సహ ఉత్తేజకం ఎస్‌ఆర్‌సీ-1లో చూడవచ్చు. దాన్ని 1995లో హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో బెర్ట్ ఓమాలీ బృందం కనుగొంది.

రొమ్ము క్యాన్సర్‌కు దశాబ్దాలుగా వాడుతున్న టమాక్సిఫెన్ పనిచేసేది సరిగ్గా ఇక్కడే. ఆ మందు కూడా అదే గుంటలో కూర్చుంటుంది. కానీ దానికి పొడవైన పక్క కొమ్మ ఒకటి ఉంది. అది గుంటలోంచి బయటికి పొడుచుకొచ్చి 12వ సుడిని సరిగ్గా మూసుకోనివ్వదు. అలా తోసివేయబడ్డ సుడి పోయి ఎక్కడ పడుతుంది? సహ ఉత్తేజకం కూర్చోవలసిన ఆ గాడిలోనే! 1998లో వెలువడిన స్ఫటిక నిర్మాణంలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపించింది. సుడిలోని లూసిన్‌లు సహ ఉత్తేజకపు లూసిన్‌లను అనుకరిస్తూ గాడిని ఆక్రమించేశాయి. గ్రాహకం డీఎన్‌ఏ మీదే ఉంటుంది, చిరునామా సరిగ్గానే ఉంటుంది, పిలిచే గొంతు మాత్రం మూగబోతుంది.

అయితే ఇదే మందు గర్భాశయపు లోపలి పొర మీద కొంతవరకు ఈస్ట్రోజెన్‌లాగే పనిచేస్తుంది. అందువల్లే దీర్ఘకాలం వాడేవారిలో అక్కడి క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఒకే మందు, ఒకే గ్రాహకం. రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు? 2002లో వచ్చిన ఒక అధ్యయనం జవాబు ఎస్‌ఆర్‌సీ-1 మోతాదులో ఉందని చూపింది. గర్భాశయ కణాల్లో అది ఎక్కువగా ఉంటుంది. టమాక్సిఫెన్ పట్టిన గ్రాహకం కూడా గాడి అవసరం లేని ఇంకో దారిలో దాన్ని లాక్కోగలుగుతుంది. దాన్ని తగ్గిస్తే మందు చూపే ఆ ఈస్ట్రోజెన్ తరహా ప్రభావం పోయింది. గ్రాహకం మీద రాసిన ఆదేశం ఒకటే అయినా, దాన్ని అమలుచేసేవాళ్లు ఆ కణంలో ఎందరున్నారన్నదే ఫలితాన్ని మార్చింది. సహ ఉత్తేజకాలను వట్టి సహాయకులుగా చూసే అలవాటు తప్పని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఎస్‌ఆర్‌సీ-3 కథ కూడా దీనికి తోడే: 1997లో పరీక్షించిన రొమ్ము క్యాన్సర్లలో సుమారు 10 శాతం వాటిలో ఆ జన్యువు నకళ్లు పెరిగి ఉన్నట్టు తేలింది.

ఒకే చోటు కోసం ఇద్దరు

ఉన్న కొద్ది సహ ఉత్తేజకం కోసం పోటీ కణానికి అసౌకర్యం అనిపించవచ్చు. కణం మాత్రం ఆ పోటీనే మీటలా వాడుకుంటుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు కణాన్ని కాపాడే హిఫ్-1 ఆల్ఫా ప్రొటీన్ సంగతి చూడాలి. ఈ దారిని వెలికితీసినందుకే విలియం కెలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో నోబెల్ వచ్చింది. ఆక్సిజన్ సమృద్ధిగా ఉన్నంతకాలం హిఫ్ పుట్టగానే ముక్కలైపోతుంది. అది చాలదన్నట్టు కణం ఇంకో తాళం కూడా వేసింది. హిఫ్‌లో 803వ స్థానంలో ఆస్పరాజిన్ ఉంది. ఆక్సిజన్ ఉంటే ఒక ఎంజైమ్ దాని మీద హైడ్రాక్సిల్ సమూహాన్ని తగిలిస్తుంది. ఆ ఒక్క ఆక్సిజన్ పరమాణువుతో హిఫ్‌కు సీబీపీ, పీ300లను పట్టుకునే శక్తి పోతుంది. విరగ్గొట్టే యంత్రాన్ని తప్పించుకున్న హిఫ్ జన్యువు దగ్గరికి చేరినా, పిలవడానికి నోరుండదు.

ఆక్సిజన్ తగ్గితే రెండు తాళాలూ తెరుచుకుంటాయి. హిఫ్, సీబీపీని పట్టుకుని వందలాది జన్యువులను మేల్కొలుపుతుంది. వాటిలో ఒకటి సైటెడ్2. ఈ సైటెడ్2 ప్రొటీన్ సీబీపీలో హిఫ్ పట్టుకున్న చోటునే పట్టుకుంటుంది. రెండింటికీ ఆ చోటు మీద పట్టు విడివిడిగా కొలిస్తే సమానం. సమానమైతే సగం సగం పంచుకోవాలి కదా. 2017లో ప్రచురితమైన కొలతల్లో అలా జరగలేదు. సైటెడ్2 ముందుగా ఒక కొసతో అతుక్కుంటుంది, క్షణకాలం ముగ్గురూ కలిసి ఉంటారు, ఆపై అది మెల్లగా అల్లుకుంటూ పోయి హిఫ్‌ను ఊడబెరుకుతుంది. హిఫ్ తిరిగి దాన్ని తోసేయాలంటే ఎంతో ఎక్కువ మోతాదు కావాలి. స్థిరమైన ఆకారం లేని ప్రొటీన్లకే సాధ్యమయ్యే నేర్పు ఇది. హిఫ్ తానే పిలిచిన ప్రొటీన్ చేతిలో దిగిపోవడంతో ఆక్సిజన్ కొరతకు వచ్చిన స్పందన అదుపులో ఉంటుంది.

ఆకారం లేకపోవడం లోపం కాదని క్రెబ్ అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ కూడా చూపింది. గ్లూకగాన్ వంటి హార్మోన్ వచ్చినప్పుడు క్రెబ్‌లో 133వ స్థానంలోని సెరిన్ మీద ఫాస్ఫేట్ పడుతుంది. అంతవరకు వదులుగా వేలాడిన ముక్క సీబీపీని తాకుతూనే రెండు సుడులుగా మడతపడి బిగుసుకుంటుంది. సీబీపీ పేరు దీని వల్లే వచ్చింది: 1993లో కనుగొన్నప్పుడు అది క్రెబ్‌ను పట్టుకునే ప్రొటీన్‌గానే తెలుసు.

చలిలో పుట్టే సహ ఉత్తేజకం

ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ దాదాపు అన్ని కణాల్లో ఎప్పుడూ ఉండేవి. పీజీసీ-1 ఆల్ఫా అలాంటిది కాదు. అవసరం వచ్చినప్పుడే తయారవుతుంది. 1998లో బ్రూస్ స్పీగల్‌మన్ ప్రయోగశాలలో ఎలుకల గోధుమ కొవ్వులో దీన్ని కనుగొన్నారు. ఆ కొవ్వు పని శక్తిని మండించి వేడి పుట్టించడం. ఎలుకలను చలిలో ఉంచితే ఆ కొవ్వులోనూ కండరాల్లోనూ ఈ ప్రొటీన్ ఒక్కసారిగా పెరుగుతుంది. అది చేరిన చోట మైటోకాండ్రియా పెరిగే జన్యువులు వరుసపెట్టి మేల్కొంటాయి. వ్యాయామం చేసిన కండరంలోనూ అది పెరుగుతుంది. ఎలుకల కండరంలో దాన్ని అదనంగా తయారుచేయిస్తే తొందరగా అలసిపోయే తెల్ల తంతువులు, ఎక్కువసేపు పనిచేసే ఎర్ర తంతువుల లక్షణాలు తెచ్చుకున్నాయని 2002లో చూపారు.

ఇదే ప్రొటీన్ ఉపవాసంలో ఉన్న కాలేయంలో పెరిగితే జరిగేది వేరు. అక్కడ అది గ్లూకోజ్‌ను కొత్తగా తయారుచేసే జన్యువులను లేపుతుంది. కొవ్వులో వేడి, కండరంలో ఓర్పు, కాలేయంలో చక్కెర. అర్థం ఏమిటంటే, సహ ఉత్తేజకానికి తనదంటూ గమ్యం లేదు. ఆ కణంలో ఏ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు ఏ చిరునామాల దగ్గర నిలబడి ఉన్నాయో అక్కడికి వెళ్తుంది. చలి, ఆకలి, శ్రమ అనే కబుర్లను పదుల జన్యువులకు ఒకే తీవ్రతతో అందించాలంటే ఒక్కొక్క జన్యువునూ విడిగా తట్టడం కన్నా, వాటన్నిటికీ ఉమ్మడిగా కావలసిన ప్రొటీన్ మోతాదును పెంచడం తేలిక.

పోగుపడటం, పగులగొట్టడం

2018లో ఈ కథలోకి కొత్త మలుపు వచ్చింది. కణానికి అస్తిత్వాన్నిచ్చే జన్యువుల దగ్గర ఎన్‌హాన్సర్లు గుంపుగా ఉంటాయి. అక్కడ మెడ్1, బీఆర్‌డీ4 అనే సహ ఉత్తేజకాలు నూనెలో నీటి చుక్కల్లా విడిపడి, చిక్కటి పోగులుగా ఏర్పడుతున్నాయని సూక్ష్మదర్శిని పరిశీలనలు సూచించాయి. ఆకారం లేని ఆ వేలాడే గొలుసులే ఒకదాన్నొకటి బలహీనంగా, లెక్కలేనన్ని చోట్ల పట్టుకోవడం దీనికి కారణమని వాదన. ఆలోచన ఆకర్షణీయంగానే ఉంది. కొద్దిగా ఉన్నదాన్ని ఒక చోట పోగేస్తే కొరత కూడా వ్యూహమవుతుంది. కానీ సహజ మోతాదుల్లో ఈ పోగులు నిజంగా ద్రవపు చుక్కలేనా, జన్యువును నడిపేది ఆ చుక్కేనా లేక క్షణిక బంధాల గుంపేనా అన్నది ఇంకా వాదోపవాదాల్లోనే ఉంది. మోతాదు మించి తయారుచేయించిన ప్రొటీన్లలో చుక్కలు కనిపించాయని వెంటనే తీర్పు చెప్పడం తొందరపాటే.

గుంపుగా ఉన్నచోట కొడితే ఎక్కువ దెబ్బ తగులుతుందన్నది మాత్రం మందుల తయారీలో రుజువైంది. బీఆర్‌డీ4 ఎసిటైల్ గుర్తును బ్రోమోడొమైన్‌తో పట్టుకుని, ఆగిపోయిన పాలిమరేజ్‌ను ముందుకు నడిపే ఎంజైమ్‌ను తెస్తుంది. ఆ బ్రోమోడొమైన్ గుంటలో ఎసిటైల్ బదులు కూర్చునే జేక్యూ1 అనే చిన్న అణువు 2010లో వచ్చింది. మరుసటి ఏడాదే అది మైలోమా అనే రక్త క్యాన్సర్ కణాల్లో మిక్ అనే క్యాన్సర్ జన్యువును అణచగలదని చూపారు. మిక్ ప్రొటీన్ మీద మందు పట్టే గుంట దొరక్క దశాబ్దాలుగా విసిగిపోయినవారికి, దాన్ని రాయించే సహ ఉత్తేజకాన్ని కొట్టవచ్చని అప్పుడు తెలిసింది. 2017లో సీబీపీ, పీ300ల ఎంజైమ్ గుంటనే మూసే ఏ-485 కూడా వచ్చింది. ఇబ్బందల్లా, ఇవన్నీ ఆరోగ్యకరమైన కణాలకూ కావలసినవే. అందరూ పంచుకునేదాన్ని ఆపితే నష్టం క్యాన్సర్‌తో ఆగదు. ఎంత మేరకు ఆపాలన్నదే చికిత్సలో కత్తిమీద సాము.

సగం చాలనప్పుడు

చాలా జన్యువుల్లో రెండు నకళ్లలో ఒకటి చెడినా మిగిలిన ఒక్కటితో శరీరం నెట్టుకొస్తుంది. సీబీపీ విషయంలో అలా కుదరదు. వెడల్పైన బొటనవేళ్లు, కాలి బొటనవేళ్లు, ప్రత్యేకమైన ముఖకవళికలు, మందగించిన ఎదుగుదల, మేధోపరమైన ఇబ్బందులు కలిసి కనిపించే స్థితిని జాక్ రూబిన్‌స్టీన్, హూషాంగ్ తైబీ 1963లో వర్ణించారు. లక్షకో, లక్షా పాతిక వేలకో ఒక శిశువు ఈ స్థితితో పుడుతుంది. 1995లో దీనికి కారణం సీబీపీ జన్యువు ఒక నకలు దెబ్బతినడమని తెలిసింది. కొందరిలో పీ300 జన్యువు దెబ్బతింటుంది. ఆ ప్రొటీన్ ఈ బిడ్డల్లో లేకపోలేదు, చెడు పనీ చేయడం లేదు. ఉండవలసినంత లేదు, అంతే.

ఎంత కావాలన్నది ఎంత కచ్చితమో 1998లో ఎలుకలతో తేల్చారు. పీ300 రెండు నకళ్లూ లేని పిండాలు 9వ రోజుకూ పదకొండున్నర రోజుకూ మధ్య చనిపోయాయి. అది ఊహించిందే. కానీ పీ300 ఒక నకలు, సీబీపీ ఒక నకలు మాత్రమే పోయిన పిండాలు కూడా ఒక్కటీ దక్కలేదు. రెండు ప్రొటీన్లూ అక్కడ ఉన్నాయి, చెరి సగం. ఇద్దరూ కలిపి అందించే మొత్తం ఒక గీత దిగువకు పోయిందని ఆ ఫలితం చెబుతోంది.

సీబీపీ ఒక్కటే సగమైన ఎలుకలు బతుకుతాయి. అయితే వాటికి దీర్ఘకాలిక జ్ఞాపకం సరిగా నిలవదు. మెదడు కణాల్లో హిస్టోన్ల మీద ఎసిటైల్ గుర్తు తగ్గి ఉంటుంది. 2004లో ఇలాంటి ఎలుకలకు ఎసిటైల్‌ను తుడిచేసే ఎంజైమ్‌లను ఆపే మందు ఇచ్చి చూశారు. ప్రొటీన్ సగమే ఉంది. గుర్తు వేసేవాళ్లను పెంచడం కుదరలేదు కాబట్టి చెరిపేవాళ్లను ఆపారు. పుట్టినప్పటి నుంచీ ఆ కొరతతోనే ఎదిగిన మెదళ్లు అవి. అయినా మందు పడ్డాక ఆ ఎలుకలకు జ్ఞాపకం నిలవడం మెరుగుపడింది.